నేను ఆపని ఫైనల్

చప్పట్ల కోసం పనిచేసే మనిషిని కాదు నేను. ఈ మాట చాలామందితో అన్నాను. అబద్ధం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూళ్లకూ కలిపి మేం నడుపుకునే క్రికెట్ సంఘానికి పదకొండేళ్లు సెక్రటరీగా ఉన్నాను. ఒక్కసారైనా నా పేరు చెప్పగానే జనం చప్పట్లు కొడితే బాగుండునని ప్రతి ఏడూ అనుకున్నాను.

సంఘమంటే పెద్దగా ఊహించుకోవద్దు. ప్రొద్దుటూరులో నా చీరల కొట్టు వెనక గదే ఆఫీసు. అక్కడొక బీరువా, అందులో స్కోరు పుస్తకాలు, వికెట్లు, గోడకు ఆనించి నిలబెట్టిన కొబ్బరి పీచు మ్యాటు. మా నేలలో పచ్చిక నిలవదు. మ్యాటు పరిచి, చుట్టూ మేకులు కొట్టి ఆడాల్సిందే. ఆడేవాళ్లు బండల పాలిషింగ్ పనివాళ్లు, బంగారు పనివాళ్లు, చీనీ అని మేం పిలిచే బత్తాయి తోటల రైతులు, టీచర్లు, టెంటు హౌసు వాళ్లు. అందరికీ కలిసి దొరికేది ఆదివారం ఒక్కటే.

ఆ ఆదివారాలను పొదుపుగా పంచడమే నాకు తెలిసిన విద్య. ఉగాదికి కొత్త పంచాంగం కొని, చీరల పెట్టె అట్టముక్క మీద గళ్లు గీసి, ఏ వారం ఎవరితో ఎవరు ఆడాలో పట్టిక వేసేవాణ్ణి. మంచి ముహూర్తమున్న ఆదివారం మ్యాచ్ పెడితే సగం టీము పెళ్లికి పోతుంది, మిగతా సగం ఆ పెళ్లికే టెంటు వేయడానికో వీడియో తీయడానికో పోతుంది. అందరూ పంచాంగంలో మంచిరోజు చూసుకుంటారు. నేను ఏ మంచీ లేని రోజు వెతుక్కునేవాణ్ణి. శ్రావణం వచ్చిందంటే పులివెందుల వాళ్ల మనసంతా గండి ఆంజనేయస్వామి మీదే ఉంటుంది కాబట్టి, పెళ్లిళ్లు లేని ఆషాఢంలోనే ఫైనల్ ముగించేవాణ్ణి. పోయిన ఏడాది దాకా నా పట్టిక ఒక్క పండుగకూ అడ్డం పడలేదు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

అయితే ముస్లింల పండుగలకు పంచాంగం చాలదు. నెలవంక కనబడితేనే రోజు ఖాయం. ఒకరోజు అటో ఇటో జరుగుతుంది. అందుకని అట్టముక్క మీద పెన్ను పెట్టేముందు జమ్మలమడుగులో ఉన్న మా జాయింట్ సెక్రటరీకి ఫోన్ చేసి, ఏ వారాలు ఖాళీగా వదలాలో అడిగేవాణ్ణి.

నా కడుపుమంట ఆయన మీదే. పదిహేనేళ్లు కువైట్‌లో డ్రైవరుగా చేసి తిరిగొచ్చి, జమ్మలమడుగులో మోటారు సైకిళ్ల రిపేరు షాపు పెట్టుకున్నాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. కువైట్‌లో సెలవు రోజుల్లో మనవాళ్ల మ్యాచ్‌లకు అంపైరింగ్ చేసేవాడట. బంతులు లెక్కపెట్టడానికి ఆరు ఖర్జూరపు గింజలు ఎడమ జేబులో వేసుకుని, బంతికొకటి చొప్పున కుడి జేబులోకి మార్చేవాడు. గింజల అంపైరని మూడూళ్లలోనూ పేరు. ఆయన వేలెత్తితే అవుటైనవాడు బ్యాటు చంకలో పెట్టుకుని నవ్వుతూ వెళ్లిపోతాడు. నేను మ్యాచ్ అరగంట ముందుకు జరిపితే పదిమంది ఫోన్ చేసి దులిపేస్తారు. నేనూ ఒకరోజు ఇంట్లో ఖర్జూరం తిని గింజలు కడిగి దాచుకున్నాను. ఎందుకు దాచానో ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది.

అసలు దెబ్బ అంతకుముందు ఏడాది బహుమతుల సభలో తగిలింది. మైకు ముందు నిలబడి సంవత్సరం నివేదిక చదువుతున్నాను. ఆయన ఆలస్యంగా వచ్చి షామియానా చివర నిలబడ్డాడు. ఎవరో చూశారు. ఇద్దరు చప్పట్లు మొదలుపెట్టారు, తర్వాత అందరూ కొట్టారు. మా ప్రెసిడెంటు అయిన పులివెందుల చీనీ తోటల ఆసామి కుర్చీలోంచి సగం లేచి మరీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను చదువుతున్న వరుస తప్పిపోయింది. మళ్లీ మొదటినుంచి చదివితే ఎవరూ గమనించలేదు.

ఆ తర్వాత వచ్చిన ఉగాదికి నేను జమ్మలమడుగుకు ఫోన్ చేయలేదు. నీ అవసరం లేకుండా నేను పట్టిక వేయలేనా అనుకున్నాను. పంచాంగంలో మొహర్రం శనివారమని ఉంది. ఆ మర్నాడు ఆదివారం ప్రొద్దుటూరు కాలేజీ గ్రౌండులో ఫైనల్ అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను. ఆయన నడిపే వాట్సాప్ గ్రూపులోంచి కూడా బయటికి వచ్చేశాను. నోటీసు బోర్డుండగా గ్రూపులెందుకని అడిగినవాళ్లకు చెప్పాను.

సీజనంతా ఇదే మంట. ఒకసారి ప్రెసిడెంటు తోటనుంచి ఒకే ఆటోలో రెండు బుట్టల చీనీకాయలు వచ్చాయి, ఒకటి నాకు, ఒకటి జాయింట్ సెక్రటరీకి. ఆటో అతను నీళ్లు తాగుతుంటే రెండు బుట్టలూ విప్పి చూశాను. ఆయన బుట్టలో కాయలు పెద్దవి. కనీసం నా కంటికి అట్లాగే కనిపించాయి. ఒక పెద్దకాయ తీసి నా బుట్టలో వేసుకుని, నాది ఆయన బుట్టలో పెట్టాను.

సెమీఫైనల్ రోజు ప్రెసిడెంటు నా భుజం మీద చెయ్యేసి, "ఏం మామా, పదకొండేండ్లు మోసినావు. ఈసారి మీటింగులో ఎవురైనా చిన్నోళ్లకు అప్పజెప్తామా? నీకూ నిమ్మళంగా ఉంటాది" అన్నాడు. ఆ చిన్నోడు ఎవరో ప్రెసిడెంటు చెప్పలేదు, నేను అడగలేదు. ఫైనల్ తర్వాత జరిగే మీటింగులో కొత్త సెక్రటరీని ఎన్నుకుంటారు. సెక్రటరీ కాకపోతే నేను చీరలమ్మే ముసలివాణ్ణి. అంతకుమించి ఏమీ కాను.

ఫైనల్‌కు తొమ్మిది రోజుల ముందు రాత్రి భోజనం చేస్తుంటే జమ్మలమడుగునుంచి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. మళ్లీ వచ్చింది. మూడోసారికి మా ఆవిడ, "ఆయన ఊరికే అన్నిసార్లు చేస్తాడా? ఎత్తరాదా?" అంది. పదవి వదులుకోమని మర్యాదగా అడగడానికే చేస్తున్నాడని నా నమ్మకం. ఫోన్ బోర్లా పెట్టి మజ్జిగ పోసుకున్నాను. మర్నాడు ఇంకో రెండుసార్లు వచ్చింది. అదీ ఎత్తలేదు.

ఫైనల్ రోజు పొద్దున ఆరింటికి మ్యాటు ఆటోలో వేసుకుని గ్రౌండుకు పోయాను. ఎవరూ లేరు. వాకింగ్ చేసే నలుగురు తప్ప మనిషి జాడ లేదు. ఆటో అతనూ నేనూ కలిసి మ్యాటు దించి పరిచాం. ఏడైంది. ఎనిమిదైంది. రెండు టీములనూ గింజల అంపైరు ఎక్కడికో తీసుకుపోయి ఫైనల్ ఆడిస్తున్నాడని, సాయంత్రానికి సెక్రటరీ కూడా అయిపోతాడని నాకు తోచింది. ఇంతకాలం చేసిన చాకిరీకి ఇదా ఫలితమని పైకే తిట్టుకున్నాను.

అప్పుడు కాలేజీ వాచ్‌మన్ పళ్లు తోముకుంటూ వచ్చాడు.

"ఏందన్నా, మ్యాటు పరిచినావు? ఈపొద్దు ఆట ల్యాదు గదా?"

"ఎవరు చెప్పారు లేదని?"

"ఎవురేంది? నువ్వే ఆపించినావంట గదా. పీర్ల పండగని."

నెలవంక ఒకరోజు ఆలస్యంగా కనబడింది. పంచాంగంలో శనివారమున్న మొహర్రం ఆదివారం పడింది. ప్రొద్దుటూరు బజారులో ఈ సంగతి అందరికీ తెలుసు. నాకే పట్టలేదు. శనివారమని ఒకసారి రాసుకున్నాక ఆ ఆలోచనే వదిలేశాను. ఫైనల్ ఆడాల్సినవి జమ్మలమడుగు, పులివెందుల టీములు. జమ్మలమడుగు టీములో ఐదుగురు పీర్లు ఎత్తుకునేవాళ్లు, వాళ్లలో ముగ్గురు హిందువులు. పులివెందుల కెప్టెన్ వాళ్ల ఊళ్లో నిప్పుల గుండం తొక్కుతానని మొక్కుకున్నాడు. ఆ తెల్లవారుజామున వాళ్లంతా పీర్ల చావిళ్ల దగ్గర ఉన్నారు. నేను మ్యాటు దగ్గర ఉన్నాను.

వాచ్‌మన్ తన ఫోన్లో గ్రూపు తెరిచి చూపించాడు. నాకు చివరి ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం జమ్మలమడుగునుంచి పెట్టిన మెసేజ్: "ఫైనల్ రోజే పీర్ల పండగ పడింది. సెక్రటరీ అన్న ఆటను పై ఆదివారానికి మార్పించినాడు. పీర్లు ఏటికి పోయినాక అందరం నిమ్మళంగా ఆడుకుందామన్నాడు." కింద వరసగా దండాలు, బొటనవేళ్లు. ఒకరు "సెక్రటరీ అన్న శానా మంచి పని చేసినాడు" అని రాశారు.

ఆ మాట నేను అనలేదు. నేను అనాల్సిన మాట మాత్రం అదే. ఫోన్ వాచ్‌మన్‌కు ఇచ్చేసి, మ్యాటు ఎండకు వేద్దామని తెచ్చానని చెప్పాను. ఇంటికి పోతే మా ఆవిడ అప్పుడే వచ్చారేమని అడిగింది.

"పీర్ల పండగ కదా, వాయిదా వేశాను" అన్నాను.

పై ఆదివారం ఫైనల్ జరిగింది. ఆయనే అంపైరు. గింజలు ఈ జేబులోంచి ఆ జేబులోకి మారుతూనే ఉన్నాయి. ఆయన నా వైపు చూసి మామూలుగా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. బహుమతులయ్యాక షామియానా కిందే మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు మైకు తీసుకున్నాడు.

"సెక్రటరీని మారుస్తామా అని నేనే అనుకున్న్యా. కానీ పీర్ల పండగ గుర్తు పెట్టుకోని ఫైనలే ఆపిన మనిషి ఇంకెవురుంటారప్పా? ఈయప్పే ఉండనీ."

చప్పట్లు మోగాయి. పదకొండేళ్లుగా నేను ఎదురుచూసిన చప్పట్లు అవి. వెనక వరసలో నిలబడి అందరికంటే గట్టిగా కొడుతున్నది ఆయనే. నిజం చెప్పేయాలని లేచాను. మైకు చేతికొచ్చింది. "మీ అందరి అభిమానం" అని కూర్చున్నాను.

జనం పోయాక మ్యాటు చుట్టాలి. ఒక కొస నేను, ఇంకో కొస ఆయన పట్టుకున్నాం. సగం చుట్టాక ఉండబట్టలేక అడిగాను.

"నా పేరు ఎందుకు పెట్టావు భాయ్?"

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. "ఇంగెవురి పేరు పెట్టల్ల అన్నా? సెక్రటరీ నువ్వు గదా. నీతోనే చెప్పిస్తామని ఐదుసార్లు చేస్తి, ఎత్తకపోతివి. కొట్లో గిరాకీ ఉందేమో అనుకుంటి." మ్యాటు అంచు సరిచేస్తూ, "ఇటు కొంచెం గట్టిగా లాగన్నా" అన్నాడు.

ఆయన నాకేదో ఉపకారం చేశానని కూడా అనుకోవడం లేదు. నాతో ఆయనకు పోటీ లేదు, ఎప్పుడూ లేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా నాకేమీ మిగల్చలేదు. గట్టిగా లాగాను.

ఈ ఉగాదికి కొత్త పంచాంగం, అట్టముక్క ముందు పెట్టుకుని, పెన్ను మూత కూడా తీయకుండా జమ్మలమడుగుకు ఫోన్ చేశాను. పోయిన ఉగాదికి చేయని ఫోన్. ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో సర్దుకునే వ్యవధి ఉంటుందనుకున్నాను.

ఆయన మొదటి రింగుకే ఎత్తాడు. "చెప్పన్నా" అన్నాడు. దానికీ నాకు అసూయ వేసింది.