ఆకాశం దాకా వెళ్ళొచ్చిన మాట

ఈ రోజు ఈ గల్ఫ్ దేశంలో, ఎడారి అంచునున్న సులైబియాలో ఒక తోటకి శాటిలైట్ ఇంటర్నెట్ డిష్ బిగించడానికి వెళ్ళాను. అంత దూరం కేబుల్ రాదు. తోట చూసుకునే ఓబులేసన్నది కడప జిల్లా. పనయ్యాక, నెట్ ఎలా ఉందో చూసినట్టూ ఉంటుందని, ఊళ్ళో ఉన్న ఆయన భార్యకి నా ల్యాప్‌టాప్‌లోంచి కాల్ కలిపాను.

"అన్నం తింటివా?" అని అడిగాడు. జవాబు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. ఎందుకని నన్నడిగితే, మాట పైనున్న ఉపగ్రహం దాకా వెళ్ళి దిగిరావాలి కదా అన్నాను. ఆ తర్వాత ఏది అడిగినా, జవాబు దిగేదాకా తలెత్తి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి నేనూ అటే చూస్తున్నాను. సాయంత్రపు ఎండలో దుమ్ము కూడా మెల్లగా తేలుతోంది.

కాల్ అయ్యాక నవ్వాడు. "పెండ్లయినప్పట్నుంచి సగం మాట గూడా మాట్లాడనిచ్చేది గాదు సార్. ఈ పొద్దు మొత్తం ఇనింది."

నేనుండే సాల్మియాలో కేబుల్ నెట్, దానికి ఆ ఆలస్యం లేదు. ఇంటికొచ్చి అమలాపురంలో ఉన్న మా ఆవిడకి కాల్ చేశాను. ఆవిడ చెప్పింది విని, వెంటనే బదులివ్వకుండా, ఒక్క క్షణం తలెత్తి ఫ్యాను వైపు చూశాను.

"ఏవండీ, వింటున్నారా?" అంది.

"వింటున్నాను" అన్నాను. ఏళ్ళ తరబడి అంటున్న మాటే. నిజమైంది మాత్రం ఈ రోజే.

మీ ఇంట్లో ఈ డిష్ ఎవరికి బిగించాలి?