తెల్లగుంటే ఫికర్ లేదు

మూత్రం కాగుతుంటే వచ్చే వాసన గురించి రాయాలంటే ఇప్పటికీ నా చేయి ముక్కు మీదికి పోతుంది. అయినా రాస్తాను. ఆ వాసన మీద నాకున్న అసహ్యమే మా పాపను ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టింది.

పాపకు ఐదున్నరేళ్లు. నాలుగేళ్లప్పుడు ఒకరోజు కళ్ల కింద ఉబ్బుతో నిద్ర లేచింది. కరీంనగర్‌లో పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, కిడ్నీల్లో జల్లెడ లాంటిది వదులైపోయిందని, రక్తంలో ఉండాల్సిన ప్రోటీన్ మూత్రంలో పోతోందని చెప్పాడు. అది పోయినకొద్దీ ఒంట్లో నీరు చేరుతుంది. స్టెరాయిడ్ మాత్రలు వేస్తే ఆగుతుంది, కానీ ఎప్పుడైనా తిరగబెట్టవచ్చు. అందుకని రోజూ పొద్దున మొదటి మూత్రం ఇంట్లోనే పరీక్షించాలి. వరుసగా మూడు రోజులు ప్రోటీన్ కనిపిస్తే అదే రోజు తనకు ఫోన్ చేసి మాత్రలు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే ఉబ్బు, ఉబ్బు వెనక ఇన్‌ఫెక్షన్.

మూత్రంలో ముంచి చూసే కాగితం పట్టీలు నస్పూర్‌లో మా ఇంటి దగ్గరి మందుల షాపులో ఎప్పుడో గాని దొరకవు. అందుకని పాత పద్ధతే ఖాయమైంది. గాజు గొట్టంలో ముప్పావు వంతు మూత్రం పోసి, పై భాగాన్ని మాత్రమే మంటకు పట్టాలి. గుడ్డులోని సొన వేడికి గడ్డకట్టినట్టే, ప్రోటీన్ ఉంటే పైన మబ్బు కమ్ముతుంది. అడుగున వేడి తగలదు కాబట్టి తేడా తెలుస్తుంది. తర్వాత రెండు మూడు చుక్కల వెనిగర్ వేయాలి. వేరే ఉప్పుల వల్ల వచ్చిన మబ్బయితే ఆ పులుపుకు కరిగిపోతుంది. కరగకపోతే ప్రోటీనే.

మొదటి రోజు గ్యాస్ పొయ్యి మీదే పెట్టాను. అత్తమ్మ వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది.

"సిగ్గున్నదా పిల్లా? బువ్వ వండే పొయ్యి మీద ఉచ్చ కాగవెడ్తవా?"

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. నిజం చెప్పాలంటే నేనూ తినలేకపోయాను. మరునాటి నుంచి వెనక వైపు, బాత్రూం పక్కనున్న పిట్టగోడ మీద స్పిరిటు దీపం పెట్టి, గొట్టాన్ని బట్టల క్లిప్పుతో పట్టుకొని చేసేదాన్ని. ఒకసారి గొట్టంలోంచి ఎగచిమ్మి నా మణికట్టు మీద పడింది. సబ్బుతో నాలుగుసార్లు కడుక్కున్నా సాయంత్రం దాకా ఆ చేత్తో ఏదీ నోట్లో పెట్టుకోలేదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని నేను. యాసిడ్లు కాచాను, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే గ్యాసు పీల్చాను, ఏనాడూ ముక్కు మూసుకోలేదు. కన్న బిడ్డ మూత్రానికి మూసుకున్నాను. పాప రెండు చేతులతో కప్పు పట్టుకొని వస్తుంటే "ఛీ, దూరం పట్టుకో" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

పక్కింటామెకు సంగతి తెలిసిన రోజు మా గుమ్మంలో నవ్వుతూనే అంది: "మీ ఇంట్ల చాయ్ వద్దక్కా. ఏ గిలాసల ఏం కాగవెట్టిండ్రో!" నేనూ నవ్వాను. లోపల మాత్రం ఆమె మీద, ఆ గొట్టం మీద, నా మీద ఒకే రకం రోత.

ఈ వానాకాలంలో నేను పనిచేసే బడి వాళ్లు ఆదిలాబాద్‌లో నాలుగు రోజుల ట్రైనింగుకు పంపారు. అప్పటికి రెండు నెలలుగా పాప గొట్టం శుభ్రంగా వస్తోంది, మాత్రలు ఆగిపోయాయి. మా ఆయన బొగ్గు బాయిలో మొదటి షిఫ్టు, పాప లేవకముందే వెళ్లిపోతాడు. ఇక మిగిలింది అత్తమ్మే. బయల్దేరే రోజు పొద్దున ఆమెను ఇంటి వెనక్కి పిలిచి చేసి చూపించాను. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, నేను చున్నీ పెట్టుకున్నాను. ఆ గుడ్డల చాటునుంచే మాటలు.

"చూడత్తమ్మా, గిట్ల నీళ్ల లెక్క తెల్లగుంటే ఫికర్ లేదు. మారితే నాకు ఫోన్ చెయ్యి."

"తెల్లగుంటే మంచిదే అంటవు."

"ఆఁ, గంతే."

ఆమె గొట్టం వైపు ఓరగా ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది. సరిగ్గా చూడమని నేను పట్టుబట్టలేదు. ఎంత తొందరగా పారబోసి చేతులు కడుక్కుందామా అనే నా తొందర నాది.

ఆదిలాబాద్‌లో మొదటి రోజు పొద్దున్నే ఫోన్ చేశాను.

"ఎట్లున్నదత్తమ్మా?"

"తెల్లగనే ఉన్నది, నువ్వు చెప్పినట్టే. నా ముక్కులకెల్లి గా వాసన పోతలేదు గని."

రెండో రోజు అడిగితే, "నిన్నటి కంటె తెల్లగున్నది పో" అంది.

ఆ మాట నేను విన్నాను. నీళ్లలా ఉన్నది నిన్నటి కంటే ఇంకా నీళ్లలా ఎట్లా అవుతుందని ఒక్క క్షణం మనసులో గుచ్చుకుంది. కానీ చేతిలో వేడి చాయ్ ఉంది. చుట్టూ వాన వాసన తప్ప ఇంకే వాసనా లేదు. చాలా రోజుల తర్వాత ముక్కు మూసుకోని పొద్దులవి. "మంచిదత్తమ్మా" అని పెట్టేశాను. మూడో రోజు ఆమె "గట్లనే ఉన్నది" అంటే మరి అడగనే లేదు.

నాలుగో రోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ పాపను నా ముందు నిలబెట్టింది. "సూడు, పిల్ల ఎట్ల ఒళ్లు చేసిందో. నాలుగొద్దులు నా చేతి బువ్వ తిన్నది మరి!" పాప కళ్లు సన్నటి గీతలయ్యాయి. కాలి ఎముక మీద వేలితో నొక్కితే పడిన గుంట అట్లాగే ఉండిపోయింది. ఒళ్లు కాలుతోంది. మా ఆయన కారు మాట్లాడుకొచ్చాడు. ముగ్గురం పాపను తీసుకొని కరీంనగర్ వెళ్లి, ఆస్పత్రిలో చేర్పించాం.

ఆస్పత్రి ల్యాబులో పనిచేసే పెద్దామెకు మూత్రం డబ్బా అందిస్తుంటే, "ఇంట్ల రోజు చూస్తలేరా?" అని అడిగింది.

"చూస్తున్నమండీ. నిన్నటి దాకా ఏం లేదు" అన్నాను.

"తెల్లగనే ఉండె" అంది నా వెనక నుంచి అత్తమ్మ.

అక్కడ వేడి చేయరు. ఆమె గొట్టంలోకి ఏదో యాసిడ్ చుక్కలు వదిలింది. చూస్తుండగానే అదంతా పెరుగు కలిపినట్టు చిక్కబడిపోయింది. అత్తమ్మ ముందుకు వంగింది. ఆమె మొహం వెలిగింది.

"ఆఁ, గిట్లనే! గింత తెల్లగనే ఉండె. మంచిగున్నట్టే గదమ్మా?"

ల్యాబు ఆమె అత్తమ్మను చూడలేదు. నన్ను చూసింది.

నేను తెల్లగా అన్నది నీళ్ల తెలుపు. అత్తమ్మ చూసింది పాల తెలుపు. రెంటికీ మా నోట ఒకటే మాట. మబ్బు పట్టిన గొట్టం ఆమె జన్మలో చూసి ఉండలేదు, నేను చూపించలేదు.

రక్తం కూడా తీశారు. పసుపు రంగు మందులో రక్తపు నీరు కలిపితే, ప్రోటీన్ ఎంత ఉంటే అంత ఆకుపచ్చగా మారుతుందట, మిషను ఆ పచ్చదనాన్ని కొలుస్తుందట. పాపది పచ్చబడీ పచ్చబడనట్టు ఉంది.

వార్డు బయట మా ఆయన వాళ్ల అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "గంత తెలివి లేదానే నీకు? పాలకు నీళ్లకు తేడా తెల్వదా?" ఆమె కొంగు మొహం మీదికి లాక్కొని గోడకు ఆనుకుంది. ఆయన్ను ఆపాల్సిన మాట నా నోట్లోనే ఉంది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆ రోజూ మర్నాడూ అట్లాగే నిలబడ్డాను. మూత్రం వాసన సబ్బుతో పోతుంది. ఆ రెండు రోజులు తలుచుకుంటే నా మీద నాకు పుట్టే కంపు దేనితోనూ పోవడం లేదు.

మూడో రోజు పాపకు జ్వరం తగ్గాక ఇద్దరి ముందూ చెప్పాను. తెల్లగుంటే మంచిదని చెప్పింది నేనేనని, రెండో రోజే అనుమానం వచ్చినా అడగలేదని. మా ఆయన షిఫ్టు ఉందని వెళ్లిపోయాడు. అత్తమ్మ టిఫిన్ డబ్బా మూత తీస్తూ అంది: "గీ మాట మొన్ననే చెప్తే నేను గూడ నాలుగు మెతుకులు తింటుంటి గదనే."

ఇంటికి పంపేటప్పుడు ల్యాబు ఆమె ఒక చిట్కా చెప్పింది. రంగు మాట అసలు ఎత్తొద్దట. గొట్టం వెనక పేపరు పెట్టి జర చూడండి, మబ్బు ఉంటే అక్షరాలు కనపడవు, తగ్గినకొద్దీ కనపడతాయి, కనిపిస్తున్నాయా లేదా అన్నదే చెప్పుకోండి అంది.

మాత్రలు మళ్లీ మొదటి నుంచి మొదలయ్యాయి. పాప రోజూ ఏడుస్తూ మింగుతోంది. అత్తమ్మకు చదువు రాదు, కానీ ఇప్పుడు గొట్టం తానే పట్టుకుంటానంటుంది. కొంగు ముక్కుకు పెట్టుకోదు. నేను పెట్టుకోకుండా ఉండలేకపోతున్నాను, అయినా పక్కనే నిలబడుతున్నాను.

మాత్రలు మళ్లీ మొదలై ఈ రోజుకు పదకొండో రోజు. పొద్దున అత్తమ్మ వెలుతురు వైపు తిరిగి చాలాసేపు చూసింది.

"పెద్దక్షరాలు కనవడ్తున్నయి" అంది. గొట్టాన్ని పేపరుకు ఇంకా దగ్గరగా జరిపింది. "చిన్నయి ఇంకా కనవడ్తలేవు."