వంగాకు కింద ఆరుద్ర పిల్లలు

అగ్గిపుల్ల గీయకుండా ఒక పెరడంతా మాడ్చేసిన ఘనుణ్ణి నేను. నా దగ్గరున్న ఆయుధమల్లా కంటికి బిగించుకునే ఒక చిన్న భూతద్దం. ఎలాగంటారా, చెప్తాను, తీరిగ్గా నవ్వుకోండి. అప్పుడు మాత్రం మా ఇంట్లో ఎవరికీ నవ్వే ఓపిక లేదు.

ఇది పందొమ్మిదివందల యాభైల నాటి మాట. మాది యాడికి అనే ఊరి పక్కన పల్లె. అనంతపురం కాలేజీలో జంతుశాస్త్రం వెలగబెడుతూ వేసవి సెలవులకు ఇంటికొచ్చాను. ఆ ఏడు వాన జాడ లేదు. ఊరి మొత్తంలో పచ్చగా కనబడేవి మా అమ్మ వంగమొక్కలే. అంట్లు కడిగిన నీళ్ళు, మేం స్నానం చేసిన నీళ్ళు, అన్నీ వాటికే. కారణం మా అక్క. బెళుగుప్పలో అత్తగారింట వేవిళ్ళతో మెతుకు ముట్టక, "మాయమ్మ చేసే గుత్తొంకాయ అయితే తింటా" అని కబురు పంపింది. వచ్చే పున్నమికి పుట్టింటికి వస్తోంది. ఆలోగా కాయ కోతకు రావాలి. అమ్మకు ఆ ఎండల్లో ఇంకో ధ్యాస లేదు.

ఒకరోజు అమ్మ ఆకు తిప్పి చూసింది. "ఏందిరా ఇది, బూజు పట్టినట్లుండాది. ఎర్రగా ఏమో పాకుతాండాయి" అంది.

నేను ఊరుకుంటానా? పక్కింట్లో గడియారాలు బాగుచేసే ఖాదర్ మామ దగ్గర కంటద్దం తెచ్చి బిగించాను. ఆ ఆకు కింద ఒక ఊరే ఉందండీ. సాలెగూడులాంటి సన్నటి దారాలు, వాటి మీద ఎర్రటి పురుగులు, ఒంటినిండా వెంట్రుకలు, ఎనిమిదేసి కాళ్ళు, పక్కనే ముత్యాల్లాంటి గుడ్లు. కొన్ని తిరుగుతున్నాయి, కొన్ని ఆకులో మూతి పెట్టి కదలడం లేదు. ఎరుపు, ఎనిమిది కాళ్ళు. నా చదువంతా ఒక్కసారి నెత్తికెక్కింది. తొలకరికి నేలలోంచి మఖమల్ గుడ్డ ముక్కల్లా బయటికొచ్చే ఆరుద్ర పురుగులు మీకు తెలుసు కదా. అవి కనబడితే వానొచ్చినట్టే మాకు లెక్క.

"అమ్మా, ఇవి ఆరుద్ర పిల్లలు."

"ఆరుద్ర కార్తెకు ఇంకా శానా దినాలుండాయి కదరా."

"అందుకే ఇంకా పిల్లలుగా ఉండాయి."

ఖాదర్ మామ కూడా చూశాడు. "నిజమేనప్పా. మేము బీర్‌బహుటీ అంటాం. అదే ఎరుపు" అని సాక్ష్యం పలికాడు.

అమ్మ చెంబు ఎత్తింది. "ఏవైనా గానీ, ఆకుల కింద నీళ్ళు కొడితే రాలిపోతాయి."

నేను చేతులు చాచి అడ్డం నిలబడ్డాను. "వానను తెచ్చేవాటిని సంపుతావా? ఊరోళ్ళు ఊరుకుంటారా?"

చదువుకున్న కొడుకు మాట మరి, అమ్మ వెనక్కి తగ్గింది.

ఇక మా పెరట్లో జాతరే. ఊరివాళ్ళు వరసకట్టి కంటద్దంలో చూసి దండం పెట్టుకున్నారు. ఆకుల మీద తెల్లటి చుక్కలు లేచాయి. "పిల్లోళ్ళు పాలు తాగుతాండారు" అన్నాను. ఆకులు పాలిపోయాయి. "చెట్టు బాలింత కదా, నీరసం" అన్నాను. ఆకులు రాలాయి, పూత రాలింది. అప్పుడు మాత్రం కంటద్దం తీసుకెళ్ళి ఖాదర్ మామకు తిరిగిచ్చేశాను.

అవి ఆకు రసం పీల్చే ఎర్రనల్లి పురుగులని, ఎండ ముదిరేకొద్దీ పెరుగుతాయని, నీళ్ళు కొడితే పోతాయని తర్వాతెప్పుడో కాలేజీలో తెలిసింది. వాన కబురనుకుని నేను కరువుకు ఊయల ఊపాను.

అక్క బండి దిగి నేరుగా పెరట్లోకి వెళ్ళింది. ఎండుపుల్లలు స్వాగతం పలికాయి. "వంకాయలు యాడమ్మా?" అని చంటిపిల్లలా ఏడ్చింది. నేను సిగ్గుతో మెల్లగా వీధిలోకి జారుకున్నాను.

ఆరుద్రలో నిజంగానే వాన పడింది. మర్నాడు నాయన చేలోంచి వస్తూ, అరచేతిలో బొద్దుగా ఉన్న ఆరుద్ర పురుగును తెచ్చి అందరి ముందూ నాకు చూపించాడు.

"రే, తల్లి వచ్చినాది. పిల్లోళ్ళు యాడని అడుగుతాండాది. ఏం చెప్పల్ల?"

అక్క కడుపు పట్టుకుని నవ్వింది. వచ్చాక అదే మొదటి నవ్వు. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఆ తడిమట్టి వాసన వస్తుంది. అందరూ ఉన్న ఇల్లు అది.

నేను లేచి, అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి గంభీరంగా పలికాను. "ఈ జన్మలో ఇంక ఏ పురుగు పుట్టుపూర్వోత్తరాలూ చెప్పను. నువ్వు నీళ్ళు కొడతానంటే అడ్డం రాను. నీ మీద ఒట్టు."

అమ్మ నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. "నా మీద వద్దు నాయనా. ఆ వంగచెట్ల మీద పెట్టుకో. అవి ఎట్లాగూ సచ్చిపోయినాయి కదా."