అవ్వ ఐదు, నా రెండు

ఇది గుర్తుకొచ్చింది మొన్న సోమవారం పొద్దున తొమ్మిదీ నలభైకి. కల్వకుర్తిలో పిండి గిర్ని ముందు మిరపకాయల సంచితో నిలబడి ఉన్నాను. నా ముందున్న అమ్మాయి మొలకెత్తించి ఎండబెట్టిన జొన్నలు పట్టిస్తోంది. ఆ వేడి పిండిలోంచి పచ్చగడ్డీ బెల్లమూ కలిసినట్టు ఒక వాసన లేచింది. అంతే, డెబ్బై ఎనిమిదేళ్ల నేను తొమ్మిదేళ్ల పిల్లనై మా ఊళ్లో మట్టిపొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాను.

అది మాఘమాసం, కోతల కాలం. ఊరి చుట్టూ పచ్చజొన్న చేలు కంకుల బరువుకు తలలు వంచి ఉండేవి. గట్టు మీద పిడకల నిప్పుల్లో లేత కంకులు కాల్చి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదుకుని తినే ఊసబియ్యం తీపి, మూతికంటిన మసి, కల్లంలో దుమ్ము మీద గీసిన తొక్కుడుబిళ్ల గళ్లు, అన్నీ ఉన్నాయి కానీ ఆ ఏడు నాకు ఆటల్లేవు. రెండేళ్ల తమ్ముడు అంజికి తట్టు వచ్చి తగ్గింది గానీ నోరంతా పుండ్లు. చిక్కటి జావ పెడితే ఉమ్మేస్తున్నాడు. నీళ్లలాంటి గంజి ఒక్కటే దిగుతోంది, దానితో బలం రాక పక్కటెముకలు వేలితో లెక్కపెట్టేలా తేలాయి. వారం కిందటే మా వాడలో ఒక పిల్ల అట్లాగే తిండి దిగక పోయింది. అమ్మా, నాయినమ్మా (మేం అవ్వ అనేవాళ్లం) కోత కూలికి పోక తప్పదు. మధ్యాహ్నం వాడి కడుపు నింపడం నా పని.

దానికి అవ్వ దగ్గర ఒక ఉపాయం ఉండేది, మొలకపిండి. జొన్నలు ఒక రోజు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, తెల్లటి మొలకలు రాగానే ఎండబోసేది. ఎండాక చాటలో నలిపి, మొలక ముక్క ఒక్కటి మిగలకుండా చెరిగేది. లేత జొన్న మేసిన పశువులు విషమెక్కి పడిపోవడం చూసిన మనిషి, మరి. వేయించకుండానే విసుర్రాయిలో విసిరి పెట్టుకునేది. గరిటె నిలబడే జావలో ఆ పిండి చిటికెడు కలిపితే, చుక్క నీరు పోయకుండానే మజ్జిగలా పలచబడి తియ్యగా అయ్యేది. ముద్దలో ఉన్న బలమంతా గుటకలో దిగేది.

మొదటి రోజు వాడి ఏడుపుకు ఆగలేక, కుతకుతలాడే జావలోనే పిండి వేశాను. ఎంత తిప్పినా జారలేదు. మర్నాడు కొడవలి చేతబట్టుకుని అవ్వ చెప్పిపోయింది.

"గంత కాగుతుంటే ఏస్తే పిండి సచ్చిపోతది బిడ్డా. దించి, ఏలు పెట్టి ఐదు లెక్కపెట్టు. ఐదు దాక ఓర్చుకుంటివా, గప్పుడు ఏయ్."

చెప్పింది చెప్పినట్టే చేశాను. వేలు పెట్టాను, రెండుకే తీశాను. ఆగి మళ్లీ పెట్టాను, మూడు. ఐదు దాకా ఓర్చుకోగలిగేసరికి జావ గోరువెచ్చనై పైన పొర కట్టింది. పిండి వేసి తిప్పితే అంచులు కాస్త వదులయ్యాయి, అంతే. అంజి రెండు చెంచాలు ఉమ్మి, మూడోదానికి నోరు తెరవలేదు. సాయంత్రానికి ఏడవడం కూడా మానేశాడు. నన్ను భయపెట్టింది అదే.

పొద్దుగూకే వేళకు ఇద్దరూ ఇల్లు చేరారు.

"నువ్వు సక్కగ లెక్కపెట్టలే" అంది అవ్వ.

నా లెక్క తప్పడమా! ఒళ్లు మండిపోయింది. "ఐదే లెక్కపెట్టిన. నీ ఏలు గూడ పెట్టు, చూస్త!"

"గీ ముసల్దానికి పరీక్ష పెడ్తవానే?"

"పెట్టత్తా, లేకుంటే ఇడువది" అంది అమ్మ. "రేపు పెండ్లైతే మొగని మీసాలు గూడ లెక్కపెడ్తది ఇది."

అప్పుడే దించిన జావలో అవ్వా నేనూ ఒక్కసారే వేళ్లు ముంచి, పైకి లెక్కపెడుతూ పోయాం. మొదట ఇద్దరమూ వెంటనే తీశాం. తర్వాతిసారి నేను రెండుకే వెనక్కి లాక్కున్నాను. అవ్వ వేలు ఐదు దాకా కదలలేదు! ఆ వేలు పట్టుకుని చూశాను. నలభై ఏళ్లు రొట్టెలు కొట్టి, పెనం మీద ఉత్తచేత్తో తిప్పిన వేలు, కొస తోలు చెప్పు అడుగులా ఉంది.

"అవ్వా, నీ ఐదంటే నా రెండు! ఏయ్, పిండి ఏయ్!"

అవ్వ చిటికెడు వేసింది. నేను తిప్పాను. నాలుగు తిప్పులకు గరిటె పక్కకు ఒరిగింది. పదికి జావ జారింది. ఇంకాసేపటికి గరిటె ఎత్తితే ధార కట్టింది! అంజి నాలుక చాపి రుచి చూశాడు, గిన్నె అంచు రెండు చేతులా పట్టుకున్నాడు, అడుగు కనబడేదాకా వదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒక్కదాన్నే చేశాను. రెండు లెక్కపెట్టి, చిటికెడు వేసి, తిప్పితే ధార! వాణ్ని చంకనెత్తుకుని చేను దాకా ఉరికి, గట్టు మీంచి "తాగిండూ!" అని కేకేశాను. కొడవళ్లు ఆగిపోయాయి. అమ్మ సాలులోనే కూలబడి ఏడ్చింది. అవ్వ మాత్రం "ఎన్ని గుటకలు?" అని అడిగింది.

"పందొమ్మిది!"

మొలకలో ఎంజైము అనేది ఉంటుందని, చల్లగా ఉంటే బద్ధకిస్తుందని, వేడెక్కేకొద్దీ చురుగ్గా పనిచేస్తుందని, మరిగితే ఇక కోలుకోదని ఎన్నో ఏళ్లకు మనవరాలి సైన్సు పుస్తకంలో చదివాను. థర్మామీటరు కొని చూశాను కూడా. అరవై డిగ్రీల దగ్గర జావ చకచకా కరిగింది, నలభై దగ్గర మెల్లగా వదులైంది, మరిగేదాంట్లో కదల్లేదు. ఆ పూట మా కోడలు పిలిచినా ఆ గిన్నెల ముందు నుంచి అన్నానికి లేవలేదు.

ఇప్పుడు మా మూడెకరాలూ పత్తి. పచ్చజొన్న విత్తనం ఇంట్లో గింజ లేదు. మా వాడలో మొలకపిండికి జొన్నలు ఎండబోసే ఇళ్లు అప్పుడు పద్నాలుగు, ఇప్పుడు ఒక్కటీ లేదు. అవ్వ పోయి యాభై ఒక్కేళ్లు. అమ్మ పోయి ముప్పై రెండు. అంజి మొన్నటి చైత్రంలో పోయాడు, డెబ్బై ఒకటి నిండాక. ఆ మాఘమాసం నుంచి లెక్కిస్తే వాడు బతికింది అరవై తొమ్మిదేళ్ల రెండు నెలలు.