బియ్యం డబ్బాలో క్యాసెట్

వీడియో క్యాసెట్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసే మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను. చూసి, తల అడ్డంగా ఊపి, దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలోకి దించేవాడు.

"తేమ ఇంకా పోలా. ఇంకో వారం ఆగు అబ్బయ్యా," అనేవాడు.

బ్రిటన్ పాత పాప్ బృందాలు టీవీలో పాడిన దృశ్యాలను వెతకడం నా పిచ్చి. అక్కడి టీవీవాళ్ళే అలాంటి టేపులు చాలా చెరిపేసుకున్నారు. అలా పోయిందనుకున్న ఒక పాటను కువైట్‌లో వీడియో షాపులో పనిచేసే రోజుల్లో టీవీలో వస్తుంటే రికార్డు చేశానని ఈయన చెబితే, నెల్లూరు నుంచి ఆయన ఉండే సముద్రపు ఒడ్డు ఊరికి బండి మీద వెళ్ళాను. నాలుగుసార్లు తిప్పాడు.

నాకు అనుమానం పట్టుకుంది. క్యాసెట్ ఖాళీదేమో. లేదా ఇంకెవరితోనో బేరం నడుస్తోందేమో. ఆ వాసన చూడటం కూడా నాటకంలాగే కనిపించింది.

ఐదోసారి ఆయన టీ తేవడానికి లోపలికి వెళ్ళగానే డబ్బాలోంచి క్యాసెట్ తీసి, టీవీ కింద ఉన్న ఆయన ప్లేయర్‌లో పెట్టేశాను. తెర మీద సూట్లు వేసుకున్న ఐదుగురు కుర్రాళ్ళు కనిపించారు. ఆ బృందమే! మధ్యలో ఉన్నవాడు పాడటానికి నోరు తెరిచాడు. అంతే, టేపు తేమకు లోపల అతుక్కుని పుటుక్కున తెగింది.

ఆయన వచ్చి టీ గ్లాసులు కింద పెట్టాడు. తెగిన టేపును మెల్లగా బయటికి లాగి, వాసన చూసి, క్యాసెట్‌తో సహా బియ్యంలో పెట్టాడు.

"ఇంకో వారం ఆగు అబ్బయ్యా," అన్నాడు.

అంటూనే, మొదటిసారి ఆ డబ్బాకు తాళం వేశాడు.