బావ గీసిన గోడ

మా అక్క భర్త పోయిన నెల డ్యూటీలో చనిపోయాడు. రైల్వేలో ట్రాక్‌మన్. రిటైర్‌మెంట్‌కి ఏడాది కూడా లేదు. ఊరి చివర సిర్గిట్టి వైపు పట్టాల పక్కన పని చేస్తూ గుండె పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. అంబులెన్స్ వచ్చేదాకా తోటి గ్యాంగ్‌వాళ్ళు చుట్టూ నిలబడ్డారు. రైలు కింద పడ్డవాళ్ళ దగ్గర, పోలీసులు వచ్చేదాకా అలా నిలబడడం ముప్పయ్యేళ్ళుగా బావ పని.

నేను విలేకరిని. కథలు కూడా రాస్తానని మీలో కొందరికి తెలుసు. అంత భయంకరమైన కథలు ఏ చిత్రకారుల బొమ్మలు చూసి రాస్తావని అడిగినవాళ్ళున్నారు. నేను చూసింది ఒక్కణ్ణే. తార్‌బహార్ దగ్గర రైల్వే క్వార్టర్లో, పడకగది గోడ మీద, పొయ్యి బొగ్గుతో గీసేవాడు. వేళ్ళు లుంగీకి తుడుచుకునేవాడు. దానికి అక్క రోజూ తిట్టేది.

నేను మొదటిసారి చూసినప్పుడు ఆ గోడ మీద ఒక మనిషి నడుస్తున్నాడు. మోకాళ్ళ కింద కాళ్ళకి బదులు రెండు పట్టాలు. చేతిలో సంచి, సంచిలో కాకరకాయలు. ఒక్కో కాయకి ఒక్కో కన్ను, అన్నీ తెరిచే ఉన్నాయి. ఆ వారమే రైలు కింద పోయిన ఆ మనిషి గురించి నేను చిన్న వార్త రాశాను: వయసు, చొక్కా రంగు, ఆత్మహత్య.

“కాకరకాయలేటి బావా?” అన్నాను.

“సంచిలో అయ్యే ఉన్నాయి. నువ్వు రాయలేదు.”

“వార్తకి అక్కర్లేదు.”

“అచ్ఛా. సచ్చిపోదామనుకున్నోడు కూర కొనుక్కెళ్తాడేటి బామ్మర్దీ? పేపరోడివి, నువ్వే సెప్పు.”

నేను పేపర్లో సవరణ వేయించలేదు. ఆయన ఇంట్లోవాళ్ళు ఆ పేపరు ముక్క దాచుకుని ఉంటే అందులో ఇప్పటికీ ఆత్మహత్య అన్న మాటే ఉంటుంది. నా మొదటి కథ ఆ సంచితో మొదలైంది. తర్వాతివన్నీ ఆ గోడ చూసి వచ్చి రాసినవే.

బావ ఫొటోలు తియ్యనిచ్చేవాడు కాదు. “సూసెళ్ళు. మర్సిపోతే మర్సిపో” అనేవాడు. ఏటా దసరాకి ముందు తనే సున్నం కొట్టి, ఆరగానే మళ్ళీ మొదలుపెట్టేవాడు.

చివరి బొమ్మలో ఒక ఆడమనిషి బల్ల మీద కూర్చుని ఉంది. మెడ మీద తల లేదు, మూడు గిన్నెల క్యారియర్ ఉంది. పై గిన్నెలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి మూత కోసం వెతుకుతోంది. ఆ చేతికి వేళ్ళు గియ్యకుండానే బావ పోయాడు.

క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఫొటో తీసుకుంటానని అక్కని అడిగాను.

“ఆయన వద్దన్నాడు కదరా.”

“ఆయన లేడక్కా. ఇదొక్కటే మిగిలింది.”

“నీకు మిగిలింది. ముప్పయ్యేళ్ళు ఈ సచ్చినోళ్ళ పక్కన పడుకున్నాను నేను. నీకు భయమేస్తందేటే అని ఒక్కనాడు ఆయన అడగలేదు. ఎల్లిపోయేలోగా రెండ్రోజులు తెల్లగోడ సూసుకుని పడుకుంటాను. బకెట్ పట్టుకుంటావా, ఎల్తావా?”

నేనూ ఎప్పుడూ అడగలేదు. బకెట్ పట్టుకున్నాను.

తడి సున్నం వెంటనే కప్పదు, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. ఒక పూత అయ్యాక కూడా క్యారియర్, చెయ్యి నల్లగా కనిపిస్తూనే ఉన్నాయి. అక్క మంచం దగ్గరికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. గోడ పైనుంచి ఆరడం మొదలైంది. ముందు గిన్నెలు పోయాయి, తర్వాత మోచెయ్యి, తర్వాత మణికట్టు.