ఎడమకు వాలిన సుళి

కోయంబత్తూరులో మేము పనిచేసిన మిల్లు ఆఫీసులో మా మేనమామది నా ఎదుటి కుర్చీ. ఆయన దగ్గర మూడు ఇంకు పెన్నులు ఉండేవి. రోజూ పని మొదలుపెట్టే ముందు పాత కాగితం మీద మూడింటితోనూ పిళ్లైయార్ సుళి చుట్టేవాడు. ఏ రాతకైనా ముందు వినాయకుడి పేరున పెట్టే ఆ గుర్తు ఏ పెన్నుతో తడబడకుండా వస్తే, ఆ రోజుకు అదే.

"ఈ దినం నల్లది పలకతా ఉండాది రా. తక్కినవి ఇంకా నిద్ర లేవలా," అనేవాడు. చాలా రోజులు నల్లదే గెలిచేది. ఆయనది ఎడమచేతి వాటం. సుళి తోక ఎప్పుడూ ఎడమకే వాలేది.

ఆయన పోయాక అత్త ఆ పెన్నులు నా చేతిలో పెట్టింది. "నీ చేతికి పలికేది ఒకటి పెట్టుకో సామీ. తక్కినవి రేపు అస్థికలతో పాటు నదిలో విడిచేస్తాము."

ఆయన దగ్గరుండిపోయిన ఆఫీసు తాళాలు ఇవ్వడానికి వెళ్లి, నా కుర్చీలో కూర్చుని సుళి చుట్టి చూశాను. రెండు పెన్నులు నునుపుగా రాశాయి. నల్లది కాగితాన్ని గీరింది గాని సిరా దిగలేదు. ఆయన పట్టుకునే వైపుకు తిప్పాను. దిగింది. నా కుడిచేతి కింద తోక ఎడమకు వాలింది. ఆపకుండా రెండు వాక్యాలు రాశాను. ఒక్క అక్షరమూ నాది కాదు.

క్యాషియరక్క అప్పుడే పొల్లాచ్చి నుంచి సెలవు ముగించుకుని వచ్చింది. ఆమెకింకా కబురు తెలియదు. కాగితం చూసి నవ్వింది.

"రాత ఈడుండాది, మనిషి యాడ? మామ అప్పుడే టీకి పోయినారా?"

ఆ సాయంత్రం, బాగా రాసే రెండు పెన్నులూ అత్తకు తిరిగి ఇచ్చేశాను.